పిల్లల్ని నడిపించిన పిల్ల

మొన్న సికింద్రాబాదు స్టేషన్లో మా మేఘన తప్పిపోయింది. ఎక్కువసేపేం కాదు. రైలొచ్చిందనగానే జనం ఒక్కసారిగా తోసుకుంటూ కదిలారు, నా చేతిలోని చెయ్యి విడిపోయింది, వెనక్కి తిరిగి చూసేసరికి పిల్ల లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. పేరు పెట్టి అరుస్తూ అటూ ఇటూ పరిగెత్తాను. చివరికి ఒక పోర్టరు చెయ్యి చూపించాడు. ప్లాట్‌ఫారం మధ్యలో, అన్ని కాళ్ళ నడుమ, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. పన్నెండేళ్ళ పిల్ల.

"ఇక్కడ చతికిలబడ్డావేంటే, తొక్కేస్తే?" అని కేకలేశాను.

"తప్పిపోతే ఎక్కడున్నవాళ్ళం అక్కడే కూర్చోవాలి కదమ్మా. అక్క చెప్పేది," అంది, నాకే ఏదో గుర్తుచేస్తున్నట్టు.

ఏ అక్క అని నేను అడగలేదు. మేం సూరత్ వదిలిపెట్టి చాలా ఏళ్ళే అయింది. రైల్లో కూర్చున్నాక కూడా నా కళ్ళ ముందు ఒక నల్ల గొడుగు, దాని కింద చీమల బారులా నడుస్తున్న పిల్లలే కదులుతూ ఉన్నారు.

అప్పట్లో మేం సూరత్‌లో డిండోలి అనే పేటలో ఉండేవాళ్ళం. మా ఆయనకి ఊరికి దూరంగా హజీరాలో ఉద్యోగం. కాఫీ పూర్తిగా తాగకముందే కంపెనీ బస్సు వచ్చేసేది. నేను ఉధ్నాలో ఒక నర్సింగ్ హోంలో నర్సుని, నా డ్యూటీ వేళలు నా చేతిలో ఉండేవి కావు. మేఘన బడి దగ్గరే గానీ, మధ్యలో రైలు పట్టాల కింద నుంచి వెళ్ళే దారి ఒకటి దాటాలి. గర్నాలా అంటారు అక్కడ. చీరల మూటలు కట్టుకున్న బైకులు, షేర్ ఆటోలు, టెంపోలు అన్నీ ఆ ఇరుకులోంచే దూరిపోవాలి. రోజూ పిల్లని దించి, డ్యూటీకి ఆలస్యంగా చేరి, మాటలు పడేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక అమ్మాయి మా తలుపు కొట్టింది. పదహారో పదిహేడో ఉంటాయి. బక్కపలచని మనిషి, బిగించి అల్లిన జడ, కాళ్ళకి ఎవరివో మగవాళ్ళ బూట్లు, చేతిలో వాళ్ళ నాన్న గొడుగు. వానాకాలం కూడా కాదు.

"ఆంటీ, మీ పాపను బడికి నేను తీస్కపోత, మళ్ళ తీస్కొస్త. మా గల్లీల పోరగాళ్ళను ఇప్పటికే తీస్కపోతున్న."

"నువ్వే చిన్నపిల్లవి కదమ్మా!"

"అందుకే చెప్తున్న. ముందుగాల వారం రోజులు మీరు గూడ నాతోని నడువుండ్రి. ఎట్ల నడుస్తనో సూడుండ్రి. నచ్చితేనే పాపను ఇయ్యిండ్రి." ఒక్క క్షణం ఆగి అడిగింది, "మీ పాపకు దేనికి భయం?"

మేఘనని బడిలో చేర్చినప్పుడు ఏవేవో అడిగారు గానీ, ఈ మాట ఎవరూ అడగలేదు. గర్నాలా కింద ఉన్నప్పుడు పైన గూడ్సు బండి కూత వేస్తే బిక్కచచ్చిపోతుందని చెప్పాను. సరేనని తలూపింది. ఆ వారం ఆమెతో పాటు నడిచాను. పిల్లలు ఒకరి బ్యాగు ఒకరు పట్టుకుని వరసగా నడుస్తున్నారు. గర్నాలాలోకి దిగగానే ఆమె గొడుగు పైకెత్తింది. అంతే, పిల్లలందరూ గొంతు చించుకుని గుజరాతీలో ఎక్కాలు అందుకున్నారు. ఆ గోడలకి కొట్టుకుని వాళ్ళ గొంతులే వాళ్ళ మీదికి తిరిగొస్తుంటే పకపకా నవ్వులు. పైన రైలు పోయిందో లేదో కూడా తెలియలేదు. వారం తిరిగేసరికి గర్నాలా ఎప్పుడొస్తుందా అని మేఘన ఎదురుచూడటం మొదలుపెట్టింది.

ఆమె కుటుంబం సిరిసిల్ల నుంచి వచ్చింది. ఆమె మాత్రం సూరత్‌లోనే పుట్టింది. తండ్రి లింబాయత్‌లో మగ్గాల కార్ఖానాలో రాత్రి షిఫ్టు. తల్లి ఇంట్లో కూర్చుని చీరలకి రాళ్ళు అంటించేది. పది పాసయ్యాక ఈమెనీ ఆ పనిలోకే కూర్చోబెట్టారట. "నాతోని కాలే ఆంటీ. కూసుంటే నా పానం గుంజుతది. నడుసుడైతే ఎంత దూరమైన నడుస్త. గదొక్కటి నాకొస్తది, గందుకే గీ ధందా షురూ చేసిన," అనేది. ధందా అన్న మాటని ఆమె ఎంత గొప్పగా పలికేదో! పద్దెనిమిది నిండగానే లైసెన్సు తీసుకుని వ్యాను నడపాలని కోరిక.

ఆమెకి కొన్ని పట్టింపులుండేవి. బిడ్డని గుమ్మంలో వదిలేసి లోపలికి పోతే ఊరుకునేది కాదు. తల్లి కళ్ళలోకి చూసి, "ఇచ్చినవా?" అని అడిగేది. "ఇచ్చిన" అని నోటితో చెబితే తప్ప చెయ్యి పట్టుకునేది కాదు. నడిచినంతసేపూ ఫోను తీసేది కాదు. ప్రతి మలుపులోనూ ఒక్కొక్క తల మీద అరచెయ్యి వేసి, ఎక్, బే, త్రణ్ అని లెక్కపెట్టేది. కొందరు తల్లులకి ఇదంతా అతిగా తోచి నవ్వుకునేవారు. ఆమెకి పట్టేది కాదు.

అన్నిటికన్నా పెద్ద పట్టింపు కూర్చోవడం. దారిలో ఏ గలాటా జరిగినా, ఆవులు కొట్టుకున్నా, ఒక పిల్లాడు కనబడకపోయినా, గొడుగు అడ్డంగా పట్టి "బైఠో!" అనేది. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ కూలబడి పక్కవాళ్ళని పట్టుకోవాలి. ఆటలాగా నేర్పింది. మేఘన ఇంట్లో బొమ్మలకి కూడా నేర్పింది.

సాయి ఆ వరసలోకి మేఘన తరవాత వచ్చాడు. ఏడేళ్ళ పిల్లాడు. తల్లి చీరలు ప్యాకింగు చేసే దుకాణంలో పనిచేసేది. తండ్రి రంగుల మిల్లులో కార్మికుడు. ఇద్దరికీ చెడి, ఆయన లింబాయత్‌లో తన అన్న దగ్గరికి వెళ్ళిపోయాడు. వాళ్ళ గొడవలో ఎవరి తప్పెంతో నాకు తెలియదు. ఒక రోజు సాయిని అప్పగిస్తూ ఆ తల్లి ఈమెని పక్కకి పిలిచి, "నాకు దప్ప ఎవ్వలకు ఇయ్యకు. వాళ్ళ నాయనొచ్చి అడిగినా సరే," అందట.

"నాయనకు గూడనా?"

"గూడ."

"అయితే గా మాట సాయికి గూడ చెప్పు అక్కా. నేను ఎందుకు పట్టుకుంటున్ననో వానికి తెల్వాలె గద," అందట ఈమె.

తల్లి మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. సాయికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకి, ఒక రోజు నేను డ్యూటీకి వెళ్తూ షేర్ ఆటోలో కూర్చుని ఉన్నాను. గర్నాలా దగ్గర బళ్ళన్నీ ఆగిపోయాయి. హారన్ల మోత. యాక్సిడెంటేమో అనుకుంటూ తల బయటికి పెట్టి చూస్తే, జనం మధ్యలోంచి తెరిచిన నల్ల గొడుగు ఒకటి నేల మీద తల్లకిందులుగా పడి కనిపించింది. ఆటో దిగి ఎలా పరిగెత్తానో నాకే తెలియదు.

పిల్లలందరూ రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. ఒకరినొకరు అల్లుకుపోయి, మొహాలు ఒకరి వీపులో ఒకరు దాచుకుని ఏడుస్తున్నారు. మధ్యలో ఆమె. సాయి నడుము చుట్టూ రెండు చేతులూ బిగించి కూర్చుంది. వాడి చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు తండ్రి. భుజానికి పెద్ద సంచీ.

"నా కొడుకు! నా కొడుకును నేను తీస్కపోత. నువ్వెవతివే అడ్డమొచ్చేతందుకు?"

"వాళ్ళమ్మ నా చేతుల పెట్టింది అన్నా. ఎవ్వలు పెట్టిన్రో వాళ్ళకే ఇస్త. ఫోను చెయ్యి, ఆమెను రమ్మను. ఆమె ఇయ్యమంటే గిప్పుడే ఇస్త."

చుట్టూ చేరినవాళ్ళు తండ్రే కదా పోనివ్వమని, అసలీ పిల్లెవరని హిందీలో తలో మాటా అంటున్నారు. "అరే, బాప్ హై, జానే దో!" "యే లడ్కీ కౌన్ హై?" అన్నిటికన్నా కష్టమైన సంగతి ఏమిటంటే, సాయి కూడా తండ్రి వైపే చేతులు చాపుతున్నాడు. "పప్పా, పప్పా" అని వెక్కుతున్నాడు. నెలల తరవాత తండ్రిని చూశాడు మరి. ఆమెని కాళ్ళతో తంతున్నాడు, చేతి మీద కొరికాడు కూడా. ఆమె వదల్లేదు.

నేను మేఘనని చూశాను. సాయి పక్కనే ఉంది, వాడి చొక్కా రెండు చేతులా పట్టుకుని. నన్ను చూసి "అమ్మా" అంది. వెళ్ళి ఎత్తుకోబోయాను.

"ఆంటీ, లేపకుండ్రి!" ఆమె గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "ఒక్కరు లేస్తే అందరు లేస్తరు. అందరు లేస్తే వీన్ని గుంజుకపోతడు. మీ కాళ్ళు వట్టుకుంట, లేపకుండ్రి."

నా బిడ్డ నడిరోడ్డు మీద కూర్చుని నా వైపు చేతులు చాపుతోంది. వెనక టెంపోవాడు ఇంజను ఆపకుండా హారను కొడుతున్నాడు. ఆ కాసేపూ నాలో నేను ఎంత పెనుగులాడానో చెప్పలేను. చివరికి మేఘన తల మీద చెయ్యి వేసి, "కూర్చోమ్మా, నేనిక్కడే ఉన్నా," అన్నాను. టెంపోకి అడ్డంగా వెళ్ళి రెండు చేతులూ చాపి నిలబడ్డాను. తోపుడుబండి మీద కూరలు అమ్మే మరాఠీ ఆవిడ ఎప్పుడు ఫోను చేసిందో, సాయి తల్లి దుకాణానికి కబురు అందింది. ఆమె వచ్చేదాకా ఇది సాగాలి.

తండ్రికి ఓపిక నశించింది. వంగి ఆ పిల్ల చెంప మీద ఈడ్చి కొట్టాడు. ఆ చప్పుడు హారన్ల మధ్య కూడా వినిపించింది. ఆమె తల పక్కకి తిరిగింది, పెదవి చిట్లింది, చేతులు మాత్రం బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

సాయి ఏడుపు టక్కున ఆగిపోయింది. పప్పా అనడం మానేశాడు. తండ్రి వైపు చాపిన చేతులు మెల్లిగా దించేసి, ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

ఆ చూపుకి ఆయన తట్టుకోలేకపోయాడు. సంచీ కిందికి జారింది. పిల్లాడి కొత్త బట్టలు, బిస్కెట్ పొట్లాలు బయటికి వచ్చి పడ్డాయి. ఆయన కూడా రోడ్డు మీదే, పిల్లలకి కొంచెం ఎడంగా కూలబడి, తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం రైలుకి పిల్లాడిని ఊరికి తీసుకుపోదామని వచ్చానని తరవాత ఆయనే ఒప్పుకున్నాడు. తల్లి పరుగున వచ్చేసరికి అందరూ అలా కూర్చునే ఉన్నారు. జనం పోలీసులని పిలవమన్నారు. ఆ పిల్ల వద్దంది. "పోరగాళ్ళకు బడి టైమైతుంది," అని లేచి గొడుగు దులుపుకుంది. పెదవి మీద నెత్తురు దుపట్టాతో ఒత్తుకుంటూనే తలలు లెక్కపెట్టింది. ఆ రోజు గర్నాలాలో ఎవరూ ఎక్కాలు చెప్పలేదు.

సాయంత్రానికి పేట పేటంతా ఆ కథే. పిల్ల మంచిపనే చేసిందన్నవాళ్ళే మర్నాటి నుంచి తమ పిల్లల్ని పంపడం మానేశారు. రేపు ఇంకెవడో కత్తి పట్టుకుని వస్తే అన్నది వాళ్ళ భయం. అందులో తప్పు పట్టడానికేముంది? నాకు మాత్రం వేరే దారి లేదు. అదీగాక, ఆ చేతుల బిగింపు నా కళ్ళతో చూశాను.

ఆమె ఇంట్లో పెద్ద గొడవే అయింది. "ఆడపోరివి, నడిబజార్ల మొగోనితోని కొట్లాటేంది? రేపటి సంది ఇంట్ల కూసొని రాళ్ళు అంటియ్యి," అని తండ్రి తేల్చేశాడు. అయినా మర్నాడు ఆమె గల్లీ మొదట్లో అదే చోట, వాచిన పెదవితో, గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. అటువైపు అరుగు మీద ఆమె తండ్రి. రాత్రి షిఫ్టు చేసి వచ్చినట్టున్నాడు, తలంతా పత్తి నూగు, కళ్ళు చింతనిప్పులు. ఇప్పుడు లేచి వచ్చి జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోతాడేమో అని భయపడ్డాను. ఆమె ఆయన వైపు చూడనే లేదు. మేఘన చెయ్యి అందుకోబోతూ నన్ను చూసి, "ఇచ్చినవా ఆంటీ?" అంది.

"ఇచ్చిన," అన్నాను.

సాయి తల్లి కూడా వాడిని తెచ్చి అప్పగించింది. వాడు ఆమె చెయ్యి పట్టుకోలేదు. మేఘన బ్యాగు పట్టుకున్నాడు. బొత్తిగా చిన్నదైపోయిన ఆ వరస కదిలింది. ఆమె తండ్రి అరుగు దిగాడు. కొంచెం వెనకగా, చేతులు వెనక్కి కట్టుకుని, వాళ్ళ వెంట నడవడం మొదలుపెట్టాడు. బడి దాకా నడిచి, తిరిగొచ్చి, అప్పుడు వెళ్ళి పడుకున్నాడు. ఆ మర్నాడూ అంతే. కూతురితో ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క అడుగు ముందుకి రాలేదు. అలా చాలా రోజులు నిద్ర కళ్ళతో వెనకే నడిచాడు. ఆయన్ని చూసి ఒకరి తరవాత ఒకరు తల్లులు మళ్ళీ పిల్లల్ని పంపసాగారు.

సాయి మాత్రం ఆమెతో మాట్లాడేవాడు కాదు. అడిగితే జవాబు లేదు, ఎక్కాలు చెప్పేవాడు కాదు, తల మీద చెయ్యి వేస్తే తల తప్పించేవాడు. "వాని లెక్కల వాళ్ళ పప్పను నేనే ఎల్లగొట్టిన. అననీయిండ్రి. ఎవలనన్న అనాలె గద," అనేది.

కొన్ని వారాల తరవాత ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గోడకి ఆనుకుని, గొడుగు కొసతో గచ్చు మీద గీతలు గీస్తూ నిలబడింది.

"సాయోళ్ళ నాయన వొచ్చిండు ఆంటీ. పొద్దున గల్లీ కాడ నిలవడ్డడు. పోరగాళ్ళు ఉన్నప్పుడు నేను మాట్లాడ, దించి వొచ్చేదాంక నిలవడు అన్న. నిలవడ్డడు."

"ఏమంటాడు?"

"తప్పైందన్నడు. ఐతారం ఐతారం కొడుకును జర సేపు చూపియ్యమంటున్నడు. నేనే తీస్కరావాలెనంట, నేనే తీస్కపోవాలెనంట. 'అది నా మాట నమ్మది, నేను దాని మాట నమ్మ, నీ మాటైతే ఇద్దరం నమ్ముతం చెల్లె' అన్నడు." కళ్ళెత్తి నా వైపు చూసింది. "సాయోళ్ళమ్మను అడిగిన. ఏడ్సింది, ఆఖరికి సరే అన్నది. కానీ నాకు భయమైతుంది ఆంటీ. ఆ రోజు రోడ్డు మీద భయం గాలే. ఇప్పుడైతుంది."

అప్పుడు తెలిసింది నాకు ఆమె ఎంత చిన్నదో.

"నేను కూడా వస్తాలే," అన్నాను.

ఆ ఆదివారం డిండోలి చెరువు పక్కన ఉన్న తోటకి వెళ్ళాం. నన్ను దూరంగా ఒక బెంచీ మీద కూర్చోమంది. తండ్రి ఉతికిన బట్టలు వేసుకుని మా కన్నా ముందే వచ్చి ఉన్నాడు. సాయి మొదట ఆమె వెనక దాక్కున్నాడు. ఆయన దగ్గరికి రాకుండా, గడ్డి మీద కూర్చుని, ఒక సీతాఫలం తీసి విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో గింజా తీసి పక్కన పెడుతూ, గుజ్జు కాగితం మీద పెడుతున్నాడు. చాలాసేపటికి సాయి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా తండ్రీకొడుకులిద్దరూ లేచి గేటు వైపు నడిచారు. గేటు బయట ఐస్ గోలా బండి, ఆ వెనక రోడ్డు, రోడ్డు మీద ఆగి ఉన్న షేర్ ఆటోలు. ఆమె చప్పున లేచింది. పరిగెత్తలేదు, పిలవలేదు. నాలుగడుగుల ఎడంలో వాళ్ళ వెనకే నడిచింది. జనంలో ముందు పిల్లాడు, తరవాత తండ్రి, ఆఖరికి ఆమె కూడా కనబడకుండా పోయారు. నేను బెంచీ మీద నిలవలేక గేటు వైపు నడిచాను. గోలా బండి దగ్గర ఎర్రటి ఐసు చీకుతూ సాయి, వాడి పక్కన తండ్రి, వాళ్ళకీ ఆటోలకీ మధ్యన ఆమె నిలబడి ఉన్నారు.

"నమ్మకం లేదా చెల్లె?" అంటున్నాడాయన.

"నమ్మకమున్నా ఎన్కనే వస్త అన్నా. నా పనే గది."

ఆయన తల వంచుకుని చిన్నగా నవ్వాడు.

వెళ్ళే వేళయింది. సాయి మొహం మెల్లిగా మారిపోవడం మొదలైంది. ఇప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకుపోతే మళ్ళీ ఆ రోడ్డు మీది ఏడుపే అవుతుందని నాకు తెలుస్తూనే ఉంది. ఆమె చెయ్యి చాపలేదు.

"అన్నా, ముందుగాల నువ్వు పో," అంది. "మేం గిక్కన్నే నిలవడి సూస్తం. వీన్ని ఎవ్వలు గుంజుకపోయినట్టు ఉండొద్దు."

ఆయన అర్థం చేసుకున్నాడు. కొడుకు తల నిమిరి, వచ్చే ఐతారం వస్తానని చెప్పి, లింబాయత్ ఆటో ఎక్కాడు. ఆటో కదిలి, చాలా దూరం పోయి, మలుపు తిరిగేదాకా బయటికి పెట్టిన చెయ్యి ఊగుతూనే ఉంది. సాయి కూడా గోలా పుల్ల పట్టుకున్న చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆమె వాడి పక్కన నిలబడి ఉంది, తొందరపెట్టలేదు.

ఆటో కనుమరుగయ్యాక వాడు మూతి తుడుచుకున్నాడు. తలెత్తి ఆమె వైపు చూశాడు.

"నడువు అక్కా," అన్నాడు. "అమ్మ ఎదురుసూస్తుంటది."